ఫెర్రే: ఒక క్రియ, రెండు ధాతువులు



ఆఫీసులో ట్రాన్స్‌ఫర్, బట్టల కొట్లో ఆఫర్, పెద్దాసుపత్రికి రిఫర్. ఇంగ్లీషు ద్వారా మనకు చేరిన ఈ మూడింటిలోనూ ఉన్నది ‘ఫెర్రే’ అనే ఒకే లాటిన్ క్రియ. మోయడం, తేవడం దాని అర్థం. ‘ట్రాన్స్’ అంటే ఆవలికి. ఆవలికి మోసుకుపోవడమే ట్రాన్స్‌ఫర్.

లాటిన్ నేర్చుకునేవారిని ఈ క్రియ బాగా ఏడిపిస్తుంది. ‘మోస్తాను’కు ఫెరో, ‘మోశాను’కు తులీ, ‘మోసినది’కి లాతుమ్. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. ఎందుకంటే రెండు వేర్వేరు ధాతువులు కలిసి ఇక్కడ ఒకే క్రియగా నడుస్తున్నాయి.

మొదటిది సంస్కృతంలో ‘భృ’. భరతి, భారం, భర్త, భార్య అన్నీ దాని సంతానమే. గ్రీకులో అది ఫెరో, ఇంగ్లీషులో బేర్. రెండోదానికి ఎత్తడం, తూచడం అని అర్థం. మన ‘తుల’, లాటిన్ ‘తులీ’ దాని నుంచి వచ్చినవే. లాతుమ్ కూడా ఒకప్పుడు ‘త్లాతుమ్’. లాటిన్‌లో మాట మొదట ‘త్ల’ నిలవక తకారం జారిపోయింది. అందుకే ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌లేట్ రెండూ ఒకే క్రియ రూపాలు.

సంస్కృతంలో ‘మోస్తాడు’ అనే ‘భరతి’కీ, లాటిన్‌లో అదే అర్థమున్న ‘ఫెర్త్’కీ పోలిక కాకతాళీయమేనా? కాదు. మాట మొదట సంస్కృతంలో ‘భ’ ఉన్నచోట లాటిన్‌లో ‘ఫ’ వస్తుంది. అన్నదమ్ముడు అక్కడ భ్రాతా, ఇక్కడ ఫ్రాతెర్. ‘ఉండు’ అనే అర్థంలో అక్కడ భూ, ఇక్కడ ఫుయీ. 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియమ్ జోన్స్ ఈ భాషల చుట్టరికాన్ని ఎత్తిచూపారు. ఆ తరవాతి పండితులు దానికి ధ్వని సూత్రాలు కట్టారు.

మరి తెలుగు? ‘భరించు’ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది. మన సొంత మాట ‘మోయు’. దానికి ఫెర్రేతో ఏ సంబంధమూ లేదు. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో ఎల్లిస్ దొర చూపించింది ఇదే: అరువు మాటలు ఎన్ని ఉన్నా తెలుగు ధాతువులు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతోనే దాని చుట్టరికం.

కాబట్టి రెండు మాటలు ఒకేలా వినిపించాయని భాషలకు చుట్టరికం కలిపేవారిని రెండు ప్రశ్నలు అడగండి. ఆ ధ్వని సూత్రం మరో పది మాటల్లో నిలుస్తుందా? ఆ మాట సొంతమా, అరువా? ఈ రెండింటికీ జవాబు లేని చుట్టరికాన్ని నమ్మకండి.