ఈసార్ అనే మాట
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంచికలో దాతల పేర్లు వేసే పేజీకి ఏం శీర్షిక పెట్టాలని కార్యవర్గంలో మాట వచ్చింది. ‘ఈసార్’ అని పెడదామన్నారు ఒకరు. వినడానికి బాగుంది. ఉర్దూ సభల్లో, షీల్డుల మీద ఈ మాట బాగానే కనిపిస్తుంది. తెలుగులో అయితే ‘త్యాగం’ అనేసి ఊరుకుంటాం. చివరికి ‘దాతలు’ అనే ఉంచాం. ఎందుకో మీతో చెప్పుకోవాలి.

ఈసార్ అరబ్బీ మాట. ఒకరికంటే మరొకరిని ముందు పెట్టడం, ఎంచుకోవడం అని దాని అర్థం. ఏం వదులుకున్నామన్న దానికంటే ఎవరిని ముందు నిలబెట్టామన్నదే అందులో అసలు సంగతి. మనం వాడే ఇంకో మాట ‘జుహ్ద్’. అంటే ప్రపంచం మీద మోజు లేకపోవడం. ఆ ధాతువు నుంచి వచ్చిన పదం దివ్య ఖుర్ఆన్‌లో ఒక్కచోటే ఉంది. అదీ యూసుఫ్ సూరాలో, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను కొద్దిపాటి దిర్హమ్‌లకు అమ్మేసిన సందర్భంలో! ఆయన మీద వాళ్లకు ఆసక్తి లేదట. ఆసక్తి లేనిదాన్ని వదిలేయడం దానంతట అదే గొప్ప కాదన్నమాట. ఒంటికి పట్టని షేర్వాణీ ఎవరికైనా ఇవ్వడం మంచిపనే, ఇవ్వండి. దాన్ని ఈసార్ అనలేం.

అల్ హష్ర్ సూరా 9వ ఆయతులో మదీనా అన్సార్ల గురించి చెప్పేటప్పుడు ఈ మాట వస్తుంది. తమకే కరువున్నా ఎదుటివారిని తమకంటే ముందు ఉంచుకున్నవారు వాళ్లు. దాని వెనుక ఉన్న సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దగ్గరికి ఆకలితో ఒక మనిషి వచ్చాడు. ఆయన ఇంట్లో ఆ రోజు మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. ఒక అన్సారీ అతన్ని తన ఇంటికి తీసుకుపోయాడు. అక్కడా పిల్లల కోసం దాచిన తిండి మాత్రమే ఉంది. భార్య పిల్లల్ని నిద్రపుచ్చింది. సరిచేస్తున్నట్టు లేచి దీపం ఆర్పేసింది. చీకట్లో భార్యాభర్తలు తింటున్నట్టు నటించారు. అతిథి కడుపునిండా తిన్నాడు.

ఆ దీపం దగ్గర కాస్త ఆగుదాం. వాళ్లు పస్తున్నారని అతిథికి తెలిస్తే ముద్ద దిగేది కాదు. అందుకే చీకటి చేశారు. ఇవాళ రేషన్ కిట్లు పంచే చోట ముందుగా కెమెరా లైట్లు వెలుగుతాయి. లెక్కలకు ఫోటో కావాలి, నిజమే. తీసుకునే చేతులు చాలు, ముఖం అక్కర్లేదు.

పుచ్చుకునేవారి మర్యాద కూడా ఆ కాలంలోనే కనిపిస్తుంది. హజ్రత్ సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానంటే, మక్కా నుంచి వట్టి చేతులతో వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ దీవించి, బజారు ఎటో చూపించమన్నారు. నెయ్యి, ఎండు జున్ను అమ్మి నిలదొక్కుకున్నారు. (రజియల్లాహు అన్హుమా.)

ఇక మన రసీదు పుస్తకం సంగతి. జకాత్‌గా ఇచ్చే రెండున్నర శాతం మన త్యాగం కాదు. అది పేదల హక్కు, మన దగ్గర ఉన్న వాళ్ల సొమ్ము. దానికి ఈసార్ అని పేరు పెడితే అప్పు తీర్చినవాడికి సన్మానం చేసినట్టుంటుంది. సదఖా వేరు, అది మీ ఇష్టం. అలాగని ఇల్లు గుల్ల చేసుకుని ఇమ్మని కూడా మేము అడగం. ఆస్తిని దానంగా రాసిస్తానన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజియల్లాహు అన్హు)తో ప్రవక్తగారు మూడో వంతు చాలు, అదే ఎక్కువ అన్నారు. వారసులు చేయి చాచే స్థితి రాకూడదన్నది ఆయన మాట.

ఈసార్ మాకు కనిపించింది దాతల పట్టికలో కాదు, కుట్టు మిషన్ల దరఖాస్తుల్లో. తన వంతు వచ్చిన ఒక వితంతువు మా దగ్గరికి వచ్చి, పక్కింటామెకు ముగ్గురు ఆడపిల్లలున్నారు, ముందు ఆమెకిచ్చి తన పేరు కిందికి జరపమంది. పేరు బయటికి చెప్పొద్దంది. అందుకే ఇక్కడ రాయలేదు. మిషను మాత్రం ఆమెకు ఇంకా బాకీ ఉన్నాం.