జాలి చాలదు



1998వ సంవత్సరమున సైబర్ టవర్సు ద్వారములు తెరచుకొన్న నాటినుండి మాదాపురపు రాళ్లగుట్టలు అద్దాల సౌధములైనవి. కొండాపురము, గచ్చిబౌలి వఱకును కంపెనీలు వ్యాపించినవి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన యువదంపతులు అచ్చట కాపురములు పెట్టుచున్నారు. జీతము గలదు, బీమా గలదు. ప్రసూతి గదిలో ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పు పెద్దదిక్కు మాత్రము చాలమందికి లేదు. అట్టి యింట డౌన్ సిండ్రోమ్ గల శిశువు జన్మించినచో తలిదండ్రులు మొదట ఏ గడప త్రొక్కవలెను? నేడు మేము మీ యెదుట విచారింపదలచిన విషయ మిదియే.

మొట్టమొదట అపోహ తొలగవలెను. ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ స్థితిని వర్ణించెను. దీని కారణము 1959లో ఫ్రాన్సు దేశమున తేలినది. మానవ కణములోని 23 జతల క్రోమోజోములలో 21వ జతకు మరియొకటి అదనముగ చేరుటయే ఆ కారణము. ఇది గ్రహణదోషము కాదు, పూర్వజన్మ పాపము కాదు, కోడలి తప్పు అంతకన్న కాదు. తల్లి వయస్సు పెరిగినకొలది ఇట్టి అవకాశము పెరుగుట నిజమే; కాని పిన్నవయసు తల్లులకును ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు. నిందలతో గడపు దినములు బిడ్డ చికిత్సకు దక్కవలసిన దినములు.

ఏలయన, ఈ శిశువులలో సుమారు సగముమందికి పుట్టుకతోనే గుండెలో లోప ముండును. పైకి బిడ్డ చక్కగ కనబడినను కొలది దినములలోనే ఎకో పరీక్ష చేయింపవలెను. గుండె గదుల నడుమ పెద్ద రంధ్రమున్నచో శస్త్రచికిత్స సాధారణముగ మొదటి ఆరు మాసములలో జరుగుట మేలు. ఆలస్యమైనచో ఊపిరితిత్తుల రక్తనాళములు చెడి, శస్త్రచికిత్సకే వీలులేని స్థితి రావచ్చును. థైరాయిడు, వినికిడి, చూపు క్రమము తప్పక పరీక్షింపవలెను. కండరముల పట్టు తక్కువ గనుక పాలు కుడుచుటకు, కూర్చుండుటకు, మాటలాడుటకు తొలిమాసములనుండియే శిక్షణ కావలెను.

ఈ శిక్షణకై దూరదేశము పోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వము 1984లో స్థాపించిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోని బోయినపల్లి మనోవికాసనగరమున గలదు. నేడు దానిని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. యందురు. మేధోవైకల్యమునకై యేర్పడిన జాతీయ సంస్థ మన నగరముననే యుండగా, అద్దాల సౌధములలోని వారనేకులు దాని పేరైన నెరుగకుండుట విచారకరము. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ‘నిరామయ’ బీమా లక్ష రూపాయలవఱకు వైద్యవ్యయము భరించును. 40 శాతమునకు తగ్గని వైకల్యము గలదని ధ్రువపత్రము పొందిన బిడ్డకు 6 ఏండ్లనుండి 18 ఏండ్లవఱకు ఉచిత విద్య 2016 నాటి చట్టము నొసగిన హక్కు. ఇది భిక్ష కాదు, అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

అమెరికాలో 1983 ప్రాంతమున వీరి సగటు ఆయుర్దాయము 25 ఏండ్లు. నేడు సుమారు 60. ఇది వైద్యుల విజయమే. కాని దానివెంట ‘మా అనంతరము వీని గతి యేమి?’ యను ప్రశ్న ప్రతి తల్లి గుండెలోను మెదలుచున్నది. 18 ఏండ్లు నిండినపిదప కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక సంఘము సంరక్షకుని నియమించును. సంరక్షకుడు ఆస్తిని కాపాడగలడు. గౌరవము మాత్రము పనివలననే వచ్చును. లెమన్ ట్రీ హోటళ్లలో డౌన్ సిండ్రోమ్ గలవారు ఉద్యోగము చేయుచున్నారు. హైటెక్ సిటీలోను ఆ సంస్థకు హోటలు గలదు. ప్రతి సంస్థయు సమాన అవకాశ విధానమును ప్రకటింపవలెనని 2016 చట్టము శాసించుచున్నది. మీ కార్యాలయపు విధానములో ఈ యువజనులకు చోటు గలదాయని రేపే యడుగుడు.

చూచి జాలిపడువారు మనలో కొదువలేరు. దారి చూపువారు కావలెను. ప్రతి పఠనమందిరపు గోడమీదను ఈ సంస్థల, చట్టముల వివరము తెలుగున వ్రాసి యంటింపుడు. మీ వీధిలో ఇట్టి బిడ్డ జన్మించినచో మొగము చాటు చేయక, మిఠాయి పట్టుకొని ఆ యింటికి పొండు. ఎకో పరీక్ష జరిగినదా యని యడిగి మరి తిరిగి రండు.