కొత్త కంపెనీకి జీఎస్టీ నంబరు ఎప్పుడు?

కంపెనీ పెట్టిన రోజే జీఎస్టీ నంబరు తీసుకోవాలన్న నియమం లేదు. కంపెనీ నమోదు దరఖాస్తుతో పాటే ఆ నంబరూ అడగవచ్చు గానీ అది నిర్బంధం కాదు. 2017 జూలై 1న అమల్లోకి వచ్చిన జీఎస్టీ చట్టం చూసేది ఆర్థిక సంవత్సరంలో జరిగిన మొత్తం వ్యాపారాన్ని, అంటే టర్నోవర్‌ను. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అన్నది లెక్కలోకి రాదు.

ఆ టర్నోవర్ ఒక పరిమితి దాటితే నంబరు తప్పనిసరి. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఛత్తీస్‌గఢ్‌లో 2019 ఏప్రిల్ నుంచి పరిమితి 40 లక్షల రూపాయలు. ఐస్‌క్రీమ్, పాన్ మసాలా, పొగాకు వంటి కొన్నిటికి ఈ వెసులుబాటు లేదు. సేవలకు 20 లక్షలే. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ దగ్గర ఇడ్లీ, దోసె వడ్డించే హోటలు చట్టం దృష్టిలో సేవ. ఆగ్నేయ మధ్య రైల్వే క్వార్టర్ల మరమ్మతు కాంట్రాక్టూ సేవే. ఈ రెండూ 20 లక్షలు దాటగానే రిజిస్టర్ కావాలి. హైదరాబాద్‌లో శాఖ ఉంటే అక్కడి అమ్మకాలు కూడా అదే పాన్ కింద కలుస్తాయి. తెలంగాణలో సరుకులకు కూడా పరిమితి 20 లక్షలే.

కొన్ని పనులకు అసలు పరిమితే వర్తించదు. బిలాస్‌పూర్‌లో పెట్టిన ఆవకాయను విజయవాడలో ఎవరికైనా అమ్మి పంపితే సరుకు రాష్ట్రం దాటినట్టే, మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుంటూరు నుంచి మిరపకాయలు కొని తెచ్చుకున్నందుకు మాత్రం అక్కర్లేదు. సేవలు రాష్ట్రం దాటినా 20 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది.

సొంత పేరున నడిచే చిన్న దుకాణానికి లేని చిక్కు ఒకటి కంపెనీకి ఉంది. అది లారీ కిరాయి. బిల్టీ (సరుకు రవాణా పత్రం) ఇచ్చే ట్రాన్స్‌పోర్టు సంస్థ తానే పన్ను కట్టే పద్ధతి ఎంచుకోకపోతే, ఆ కిరాయి మీద పన్ను కంపెనీయే కట్టాలి. అలా కట్టవలసి వచ్చిందంటే, అమ్మకాలు ఇంకా మొదలు కాకపోయినా నంబరు తీసుకోవాల్సిందే.

బాధ్యత ఏర్పడిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేస్తే, నంబరు ఆ రోజు నుంచే వర్తిస్తుంది. చేతిలో ఉన్న సరుకు మీద అప్పటికే కట్టిన పన్నును జమ చేసుకోవచ్చు. గడువు దాటితే ఆ జమ పోతుంది. పైగా అసలు పన్నుతో పాటు 10,000 రూపాయలు గానీ, ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తం గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానాగా పడవచ్చు. ఈ 30 రోజులు మార్చి ముగిశాక మొదలయ్యేవి కావు, పరిమితి దాటిన రోజు నుంచే నడుస్తాయి. అందుకే కొత్త కంపెనీ బిల్లుల మొత్తాన్ని నెలనెలా కూడి చూసుకోవాలి.