నడిసముద్రంలో సునామీ ఎందుకు కనిపించదు?

సునామీ అనగానే మనకి సినిమాల్లోలా పడవ మీదకి లేచే కొండంత అలే గుర్తొస్తుంది కదా. నిజానికి నడిసముద్రంలో ఉన్నవాళ్లకి అది తమ కిందనుంచి వెళ్లిన సంగతి కూడా తెలియదు.

2004 డిసెంబర్ 26, మన టైం ప్రకారం ఉదయం ఆరున్నర. సుమత్రా పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడ ఇండియన్ ప్లేట్ పక్క ప్లేట్ కిందకి మెల్లగా దూరుతుంటుంది. రెండూ పట్టేసుకున్నచోట పై ప్లేట్ అంచు వంచిన ప్లాస్టిక్ స్కేలులా వంగిపోతుంది. ఆ రోజు సుమారు 1300 కిలోమీటర్ల పొడవునా పట్టు తప్పింది. అంచు లేచింది, దానిమీదున్న నీళ్లన్నీ లేచాయి, లేచిన నీళ్లు రెండువైపులా పరిగెత్తాయి.

గాలికి లేచే అల పైపైనే ఉంటుంది. సునామీలో అడుగు నుంచి పైదాకా మొత్తం నీరు కదులుతుంది. దాని వేగం కావాలంటే లోతుని 9.8తో గుణించి స్క్వేర్ రూట్ తీయండి, ఇంటర్ ఫిజిక్సే, భయపడకండి. 4000 మీటర్ల లోతులో గంటకి 700 కిలోమీటర్ల పైనే, దాదాపు విమానం స్పీడు. మరి ఎత్తు? భూకంపం వచ్చిన రెండు గంటలకి జేసన్-1 ఉపగ్రహం అదే దారిలో వెళ్తూ కొలిస్తే సుమారు 60 సెంటీమీటర్లు. అంతే! అల పొడవు మాత్రం వందల కిలోమీటర్లు. పడవకేం తెలుస్తుంది?

ఒడ్డు దగ్గర లోతు 10 మీటర్లయితే, అదే లెక్కలో వేగం గంటకి 36 కిలోమీటర్లే. ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనకది ఇంకా తోసుకొస్తుంది. ఇక నీళ్లు పైకే లేవాలి.

సముద్రం వెనక్కి వెళ్తేనే సునామీ అని చాలామంది నమ్మకం. ఇది ప్రమాదకరం. భూకంపంలో తూర్పు వైపు నేల కుంగింది, అందుకే థాయ్‌లాండ్‌లో ముందు నీళ్లు వెనక్కి తగ్గాయి. పడమర వైపు నేల లేచింది, అంటే మన వైపు ముందు బయల్దేరింది ఎత్తే. అది పౌర్ణమి రోజు. మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌కి స్నానాలకి వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు.

మన తీరానికి రావడానికి దానికి రెండు గంటల పైనే పట్టింది. చెప్పే వ్యవస్థ ఉంటే ఊళ్లు ఖాళీ చేయడానికి అది చాలు. అప్పుడు లేదు. 2007లో వచ్చింది, సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్ దగ్గర. సముద్రం అడుగున పెట్టిన పరికరాలు నీటి బరువులో తేడాని పట్టుకుని కబురు పంపుతాయి.

తీరంలో మీవాళ్లుంటే ఒక్క మాట చెప్పండి: మొదటి అల వెళ్లిపోయిందని చేపలకో, సామానుకో దిగొద్దు. తర్వాతి అల గంట ఆగి కూడా రావచ్చు, మొదటిదానికంటే పెద్దదిగా.