కార్యాలయమున ఫాక్సు యంత్రము: స్థాపన, పోషణ



బాంబూఫ్లాట్ దక్షిణ అండమాను ద్వీపమున, పోర్టుబ్లెయిరు రేవునకు ఆవలి యొడ్డున నున్న చిన్న పట్టణము. 2024వ సంవత్సరమున శ్రీవిజయపురమని నామాంతరము పొందిన ఆ పోర్టుబ్లెయిరు నగరము ఇచటి జెట్టీ నుండి చూచిన కంటికి ఆనుచునే యుండును. అయినను నడుమ నీరున్నది. చాతము రేవునకు పడవ నడచినంత కాలము టపా నడచును. గాలివాన వలన పడవ నిలిచిననాడు కాగితము ఆవలికి చేరవలెనన్న, సముద్రపు పాయను చుట్టి దూరపు రోడ్డు త్రోవన పోవలసినదే. ఇట్టి ఊళ్ల కార్యాలయములలో ఫాక్సు యంత్రము వేడుక వస్తువు కాదు. పడవ నిలిచిన వేళ అక్కరకు వచ్చు రెండవ పడవ వంటిది.

నేడు ఈమెయిలును, ఈ-ఆఫీసును వచ్చుటచే ఫాక్సు పని చాలవరకు తగ్గిపోయినది. అయినను అత్యవసర సమాచారమునకు మారుదారిగా దానిని నిలుపుకొన్న కార్యాలయములు కలవు. మారుదారికి ఒక చిక్కు కలదు. నిత్యము నడవని త్రోవలో గడ్డి మొలచును. ఆ సంగతి అవసరము వచ్చిన నాటివరకు ఎవరికిని తెలియదు. కావున యంత్రమును ఎట్లు నెలకొల్పవలెను, ఎట్లు కాపాడుకొనవలెను, పంపిన కాగితము చేరవలసినవారికి చేరినదని ఎట్లు నిశ్చయించుకొనవలెను అను మూడు విషయములు విచారింపదగినవి.

ఫాక్సు నిన్న మొన్న పుట్టినది కాదు. స్కాట్లండు దేశీయుడైన గడియారముల పనివాడు అలెగ్జాండరు బెయిన్ 1843వ సంవత్సరముననే తంతి మీద బొమ్మను పంపు విధానమునకు పేటెంటు పొందెను. ఇటలీ దేశీయుడగు కసెల్లి నిర్మించిన యంత్రముతో 1865లో పారిస్, లియాన్ నగరముల నడుమ ప్రజలకు ఆ సేవ లభించినది. అప్పటికి గ్రాహంబెల్ టెలిఫోను ఇంకను పుట్టలేదు. 1980లో అంతర్జాతీయ సంఘము మూడవ శ్రేణి ప్రమాణమును నిర్ణయించిన పిమ్మట ఏ దేశపు యంత్రమైనను మరియొక దేశపు యంత్రముతో సంభాషింపగల స్థితి ఏర్పడి, ఫాక్సు ప్రపంచమంతటను వ్యాపించెను.

యంత్రము చేయు పని ఇట్టిది. కాగితముపై నున్న ప్రతి వరుసను అది 1728 చుక్కలుగా విభజించి, ఏది నలుపు, ఏది తెలుపు అని గుర్తించును. సాధారణ స్థాయిలో ఎ-4 కాగితమునకు సుమారు 20 లక్షల చుక్కలు తేలును. వానిని ఉన్నవి ఉన్నట్లు సెకనుకు 9600 చొప్పున పంపినచో మూడు నిమిషములకు పైగా పట్టును. తెలుపు తెలుపుగా సాగిన ఖాళీలను లెక్కగట్టి క్లుప్తపరచుట వలన సాధారణమైన జాబు ఒక నిమిషములోపుననే పోవును. పంపెడి యంత్రము మూడున్నర సెకనుల కొకమారు కూత వేయును. అందుకొనెడి యంత్రము దీర్ఘమైన కూతతో బదులు పలుకును. పిదప తమ తమ శక్తులను చెప్పుకొని, ఇరువురికిని చాలిన వేగమును ఒప్పుకొని పని ప్రారంభించును.

తెలుగువారికి దీనియందొక విశేష లాభము కలదు. టెలిప్రింటరు తన మీటలపై నున్న అక్షరములనే పంపగలిగెడిది. ఫాక్సుకు లిపితో పనిలేదు. వ్రాసినది వ్రాసినట్లే, సంతకముతో సహా పోవును. కాని సాధారణ స్థాయిలో పంపినచో తెలుగు ఒత్తులు మూసుకొనిపోవును; తలకట్టు అతుకు చెదరి ‘ప’కును ‘వ’కును భేదము తెలియదు. కావున తెలుగు జాబులను సూక్ష్మ స్థాయిలో పంపవలెను. అక్షరములను పెద్దవిగా వ్రాయవలెను. అంకెలలో 3, 8 ఒకటిగా కనబడు ప్రమాదమున్నది గనుక మొత్తములను అక్షరములలో గూడ వ్రాయుట మేలు.

ఇక స్థాపన. యంత్రమును కిటికీ ప్రక్కన ఉంచరాదు. సముద్రపు గాలిలోని ఉప్పు, వానజల్లు దానికి శత్రువులు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియు సీమలో గోడలే చెమ్మగిల్లును. గోడకు జానెడు ఎడముగా, ఎత్తయిన బల్లపై ఉంచవలెను. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ భూకంపము వలన దక్షిణ అండమాను తీరము సుమారు ఒక మీటరు క్రుంగినది. బాంబూఫ్లాట్ పల్లపు ప్రాంతములలో పోటువేళ సముద్రజలము లోనికి వచ్చినది. తీగలను, ప్లగ్గులను నేలబారున పరచుట ఇట్టిచోట తగదు.

విద్యుత్తు విషయమున అనేకులు ఒక సంగతి మరచెదరు. పాతకాలపు టెలిఫోనుకు విద్యుత్తు ఎక్స్‌ఛేంజి నుండియే తీగ వెంట వచ్చును గనుక ఊరిలో దీపములారినను అది పలుకును. ఫాక్సు యంత్రమునకు గోడ ప్లగ్గు విద్యుత్తు కావలెను. దీపములారిననాడు అది మూగవోవును. కొన్ని యంత్రములలో అప్పటికే జ్ఞాపకమున దాచిన జాబులు గూడ చెరిగిపోవును. అందుచేత యు.పి.ఎస్. ఉండవలెను. లైను ఫైబరు ద్వారా వచ్చుచున్నచో ఆ మోడెమునకు గూడ అదే యు.పి.ఎస్. నుండి విద్యుత్తు ఇయ్యవలెను. సరియైన ఎర్తింగు లేక ఏ పరికరమును పెట్టరాదు. పిడుగు వోల్టేజి విద్యుత్తు తీగ వెంటనే కాక టెలిఫోను తీగ వెంట గూడ వచ్చును. రెండింటికిని రక్షక సాధనము అమర్చవలెను. ఉరుములు మెరుపులున్నప్పుడు ప్లగ్గు తీయుట మంచిదే. కాని హెచ్చరికలు వచ్చునది గూడ అట్టి రాత్రులయందే. ప్లగ్గు తీసినవారు దానిని మరల పెట్టువరకు ఆ బాధ్యత తమదేయని ఎరుగవలెను.

లైను వేరుగా నుండుట ఉత్తమము. అదే తీగకు మరియొక గదిలో టెలిఫోను తగిలించినచో, జాబు వచ్చుచుండగా ఎవరో రిసీవరెత్తి ‘హలో’ అందురు. సగము పుట చెడిపోవును. బ్రాడ్‌బ్యాండు కలిసియున్న రాగితీగ యైనచో ఫిల్టరు ద్వారానే కలుపవలెను. పిమ్మట కార్యాలయము పేరు, సంఖ్య, తేదీ, సమయము యంత్రమున నింపవలెను. ప్రతి పుట తలపై ముద్రితమగు ఆ వరుసయే రేపటి దస్త్రమునకు సాక్ష్యము. గడియారము తప్పినచో సాక్ష్యమును తప్పును.

ద్వీపములకు ప్రత్యేకమైన మరియొక విషయము కలదు. 2020వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భపు కేబులు ప్రారంభమగువరకు ప్రధాన భూభాగముతో సంభాషణ ముఖ్యముగా ఉపగ్రహము మీదనే సాగినది. ఆ ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మాట పోయి బదులు వచ్చుటకు అర సెకను పట్టును. ఆ ఆలస్యమునకు, ప్రతిధ్వనికి యంత్రములు తడబడి లైను తెంచుకొనెడివి. కేబులు వచ్చిన పిదప ఆ చిక్కు తగ్గినది గాని, ఇంటర్నెట్టు పద్ధతిలో స్వరమును ముక్కలుగా పంపు లైన్లలో వేరొక చిక్కు వచ్చినది. చెవికి తెలియని చిన్న లోపము మాటకు హాని చేయదు, ఫాక్సునకు చేయును. అట్టిచోట వేగమును 9600కో, 4800కో తగ్గించుట మొదటి ఉపాయము. దోషములను సరిదిద్దు ఏర్పాటును సాధారణముగా తెరచి యుంచవలెను. ఫాక్సు కొరకే నిర్ణయించిన టి-38 పద్ధతి ఆ లైనునందు ఉన్నదేమో సేవాసంస్థ నడిగి తెలిసికొనవలెను.

పోషణ ఇల్లాలి వంటింటి నేర్పు వంటిది. పెద్ద విద్య అక్కరలేదు, నియమము కావలెను. కాగితపు కట్టలను విప్పక ఉంచి, నాటికి కావలసినంతయే తీయవలెను. చెమ్మ పీల్చిన కాగితము మెలిదిరిగి రోలరులో చిక్కుకొనును. పప్పుల డబ్బాకు మూత ఎంతో కాగితపు ట్రేకు మూత అంతే. వేడికి నల్లబడు థర్మలు కాగితము వాడు యంత్రములలో చుట్టను తలక్రిందుగా పెట్టినచో పుటలన్నియు తెల్లగానే వచ్చును. గోటితో గీసిన ఏ ప్రక్క నల్లని గీత పడునో అదియే పూత యున్న ప్రక్క. ఆ కాగితముపై వచ్చిన జాబు ఎండకును, వేడికిని, ప్లాస్టికు కవరులకును క్రమముగా వెలిసిపోవును. అందిన దినముననే జెరాక్సు తీయించి ఆ ప్రతిని దస్త్రమున చేర్చవలెను. లేనిచో కొన్ని సంవత్సరములకు దస్త్రమున ఖాళీ కాగితము మిగులును. దానిపై నాధారపడిన ఉద్యోగి పింఛనో, గుత్తేదారు బిల్లో అట్లే నిలిచిపోవును.

దోషము ఎక్కడనో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. ఒక కాగితమును యంత్రములో పెట్టి అక్కడికక్కడే నకలు తీయవలెను. నకలు శుభ్రముగా వచ్చినచో యంత్రము మంచిదే. దోషము లైనులోనో, ఆవలివారి యంత్రములోనో ఉన్నది. నకలుపై నిలువున నల్లని గీత పడినచో ముందుగా చదివెడి అద్దమును మెత్తని గుడ్డతో తుడువవలెను. తెల్లసిరా చుక్కయో, జిగురో, చీమ కాలో అచట అంటుకొని యుండును. గీత పోనిచో ముద్రించు భాగమును చూపించుకొనవలెను. టెలిఫోను ప్లగ్గు రాగి ముఖములు ఉప్పుగాలికి పచ్చబడును; వానిని తరచు చూచి, చెడిన దానిని మార్చవలెను. కాగితము నుండి పిన్నులు తీయకుండ పంపుట రోలరులకు గాయము చేయుటయే.

ఇంతవరకు యంత్రము మాట. మూడవ విషయము మనుష్యులది. కష్టమంతయు ఇచటనే యున్నది.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము 6-29 గంటలకు సుమత్రా తీరమున 9.1 తీవ్రత గల భూకంపము కలిగెను. రెండు గంటలు దాటిన పిమ్మట ఢిల్లీ నుండి ఆ సమాచారము ఫాక్సు ద్వారా మంత్రికి పంపబడినది. కాని అది వెళ్లినది ఆ శాఖను అంతకు పూర్వము చూచిన మంత్రి గృహమునకని అప్పటి పత్రికలు ప్రకటించినవి. ప్రభుత్వము మారినను సంఖ్యల పట్టిక మారలేదు. ఆ కాగితము సరియైన చోటికి చేరినను అప్పటికే అండమాను నికోబారు తీరములు మునిగియుండెను. కావున ప్రాణనష్టమునంతను ఆ కాగితముపై మోపుట న్యాయము కాదు. అయినను పాఠము స్పష్టము. యంత్రము తప్పు చేయలేదు. చెప్పిన సంఖ్యకే పంపినది.

మరియొక ఉదాహరణము. 2018 నవంబరు 21వ తేదీన జమ్మూ కాశ్మీరమున ప్రభుత్వము నేర్పరచుటకు హక్కు కోరుచు పంపజూచిన జాబు రాజభవనపు ఫాక్సునకు అందలేదని ఆ నాయకురాలు తెలిపిరి. అది పండుగ సెలవు దినమగుటచే యంత్రము కడ ఎవరును లేరని గవర్నరు పిదప చెప్పిరి. ఆ రాత్రియే శాసనసభ రద్దయినది. అందలి రాజకీయము ఇచట అప్రస్తుతము. సెలవునాడు యంత్రము చెంత ఎవరుండవలెనను ప్రశ్న మాత్రము ప్రతి కార్యాలయమునకును వర్తించును.

పంపిన పిమ్మట యంత్రము ‘ఓకే’ అని చీటీ ఇచ్చును. ఒక యంత్రము మరియొక యంత్రమునకు పుటను అప్పగించినదని మాత్రమే దాని యర్థము. ఆ సంఖ్య ఎవరిదో, ఆవల సిరా ఉన్నదో లేదో, పుటను తలక్రిందుగా పెట్టి తెల్లని వెనుక భాగమును పంపితిరో దానికి తెలియదు. కావున ముఖ్యమైన జాబు పంపినవారు వెంటనే టెలిఫోను చేసి, ఎన్ని పుటలు చేరినవి, అక్షరములు కనబడుచున్నవా, ఎవరు తీసికొనిరి అని యడిగి, ఆ పేరును సమయమును రిజిస్టరులో వ్రాయవలెను. వారమున కొకమారు ఒక నియమిత దినమున ప్రయోగముగా ఒక పుట పంపి, ఒక పుట రప్పించుకొనవలెను. మూడు మాసముల కొకమారు సంఖ్యల పట్టికను ఒక్కొక్కటిగా పిలిచి సరిచూచి, సరిచూచినవారు తేదీ వేసి సంతకము చేయవలెను. బదిలీపై పోవువారు తాళపుచెవులతో పాటు ఆ పట్టికను గూడ అప్పగింపవలెను.

2004 నాటి విషాదము పిమ్మట 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రము హైదరాబాదు నగరమున, ఇన్‌కాయిస్ సంస్థలో నెలకొల్పబడినది. హిందూ మహాసముద్రమున భూమి కంపించిన కొద్ది నిమిషములకే అచటి శాస్త్రజ్ఞులు తీవ్రతను లెక్కగట్టి, ఒక్క మార్గమును నమ్ముకొనక, ఈమెయిలు, సంక్షిప్త సందేశము, టెలిఫోను, ఫాక్సు మొదలగు పెక్కు మార్గముల హెచ్చరికలు పంపునట్లు ఏర్పాటు గావించినారు. 2012 ఏప్రిల్ 11వ తేదీన సుమత్రా చెంత 8.6 తీవ్రత గల భూకంపము వచ్చినప్పుడు ఈ ద్వీపములకు హెచ్చరికలు వెలువడినవి. తెలుగు గడ్డ నుండి బయలుదేరిన ఆ మాట తెలుగు కుటుంబములు పెక్కు నివసించు ఈ ద్వీపములకు సముద్రము దాటి వచ్చును. సముద్రము దాటిన మాట కార్యాలయపు గడప దాటక నిలిచిపోవుట కంటె విచారకరమైనది లేదు.

ఆ గడపను కాచువాడు పెద్ద అధికారి కానక్కరలేదు. సాయంకాలము ఇంటికి పోవుటకు ముందు ట్రేలో కాగితము చూచి, పచ్చదీపము వెలుగుచున్నదని చూచి, రిసీవరెత్తి డయల్ టోను విని, రిజిస్టరులో ఒక పంక్తి వ్రాసిపోవు గుమాస్తాయే ఆ కావలివాడు. ఆ పనికి పట్టునది రెండు నిమిషములు. ప్రతి కార్యాలయమున ఆ రెండు నిమిషములు ఎవరివో నేడే పేరు వ్రాసి గోడపై నంటించుట ఉచితము.