చేతిలో పని ఉంది, కాగితం లేదు



విజయవాడ ఆటోనగర్ షెడ్లలో మన పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. ఇంజను శబ్దం విని లోపమెక్కడో చెప్పగల నేర్పు వారిది. కాని రైల్వేలో టెక్నీషియన్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడితే ఆ నేర్పు దరఖాస్తుకు అక్కరకు రాదు. అక్కడ అడిగేది ఐ.టి.ఐ. ధ్రువపత్రం.

ఈ శిక్షణ కొత్తది కాదు. క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లోనే మొదలైంది. అయినా మన ఇళ్ళలో ఒక అపోహ పాతుకుపోయింది: పది తప్పినవాడికి ఐ.టి.ఐ. తలుపు మూసినట్లేనని. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి రెండేళ్ళ ట్రేడులకు పదో తరగతి కావాలి, నిజమే. వెల్డర్, వైర్‌మన్, కుట్టుపని ట్రేడులకు ఎనిమిదో తరగతి చాలు. కుట్టుపని మన ఆడపిల్లలు ఇంట్లో ఎలాగూ చేస్తున్నదే; ఏడాది శిక్షణతో దానికి ప్రభుత్వ గుర్తింపు వస్తుంది. ఆ తరువాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారంలో స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు.

షెడ్డులో నేర్చిన పనికి పరీక్ష పెట్టి పత్రమిచ్చే ఏర్పాటు 2015 నుండి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. మేలే గాని, అది ఐ.టి.ఐ. పత్రానికి సాటి రాదు.

ఇక నా మాట. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక కుర్రవాడు బి.సి.-ఇ ధ్రువపత్రం కోసం వచ్చాడు. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌కు ఆ పత్రమే ఆధారం. బడి రికార్డులో 'షేక్' లేదు, ఆధార్‌లో ఉంది. సరిచేయించుకు రమ్మని దరఖాస్తు తిప్పి పంపాను. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు. కాని ప్రవేశాల గడువు పది రోజులే ఉందని నాకు తెలుసు. ఎక్కడ, ఎలా సరిచేయించుకోవాలో కూడా తెలుసు. ఆ రెండూ అతనికి చెప్పలేదు. అతను మళ్ళీ రాలేదు.

పదవీ విరమణ తరువాత ఆ కుర్రవాడు తరచు గుర్తుకొస్తున్నాడు. అందుకే ప్రతి శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఇదే మసీదు వరండాలో కూర్చుంటున్నాను. పిల్లల టి.సి., మార్కుల జాబితా, ఆధార్ మూడూ తెండి. ప్రవేశాల ప్రకటన వచ్చాక కాదు, ఇప్పుడే. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కలిసి కూర్చుని అర్జీ రాద్దాం.