అనంత కరువు: ఏమి అడగాలి, ఎలా అడగాలి

 

దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మన అనంతపురమేనని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అంటారు. నాయకులంటారు, అధికారులంటారు, మనమూ అంటాం. ఆ మాట విన్నాక ఇక చేసేదేమీ లేదనిపిస్తుంది. తప్పంతా ఆకాశం మీదికి పోతుంది. కానీ జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మనది ఎడారి కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసిపోతాయి, ఈశాన్య మేఘాలు కోస్తాలోనే చాలావరకు ఖాళీ అవుతాయి, అది నిజం. అయినా మనల్ని ముంచుతున్నది వాన తక్కువ కావడం కన్నా, వానకూ వానకూ మధ్య వచ్చే ఎడం. పదును చూసి విత్తిన వేరుశనగ ఊడలు దిగే వేళకు మూడు వారాలు చినుకు లేకపోతే, ఆ తర్వాత ఎంత కురిసినా కాయ సరిగా పట్టదు.

ఆ ఎడాన్ని దాటించేవి నేలలో దాగిన తేమ, చెరువులో నిలిచిన నీరు, చేనులో కలిసి పెరిగే నాలుగు రకాల పంటలు. బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, ఈ మెట్ట మీద బుక్కరాయసముద్రం చెరువు కట్టినవాళ్లకు ఇది తెలుసు. ఆకాశం మీద ఆశతో కాదు, ఆకాశం ఇచ్చింది పోనివ్వకూడదన్న పట్టుదలతో కట్టారు.

మరి ఆ తేమను, ఆ నీటిని, ఆ కలిసిన పంటలను పోగొట్టుకున్నదెవరు? రైతేనని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. నూనెల దిగుమతి తగ్గించాలని 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. సబ్సిడీ విత్తనం, బ్యాంకు అప్పు, పంటల బీమా అన్నీ మన జిల్లాలో ప్రధానంగా వేరుశనగ చుట్టూ అల్లుకున్నాయి. అంతకుముందే, 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. ఎంతో మంచి పని. కానీ రేషన్ అంగట్లో కొర్రకూ, జొన్నకూ, రాగికీ చోటు లేకపోవడంతో వాటికి చేనులోనూ చోటు తగ్గింది. వేరుశనగను వేళ్లతో సహా పీకుతాం. కాయ మండీకి, కట్టె పశువులకు. నేలకు తిరిగి చేరేది దాదాపు ఏమీ ఉండదు. పల్చటి ఎర్రనేల దశాబ్దాలుగా అలా ఇస్తూనే ఉంది, దానికి మనం తిరిగి పెట్టింది బహు కొంచెం.

కాబట్టి రైతు దగ్గరికి వెళ్లి పర్యావరణాన్ని కాపాడమని చెప్పడం అన్యాయం. అతను ఏ పంట వేయాలో విత్తనం, అప్పు, ధర కలిసి నిర్ణయిస్తున్నాయి. పంట మార్చమంటే నష్టాన్ని ఒంటరిగా మోయమన్నట్టే. ముందు ఒప్పించవలసింది ఆ మూడింటినీ చేతిలో పెట్టుకున్న వాళ్లను.

అక్కడే చిక్కు. నాయకులు కంటికి కనబడే పనికి కదులుతారు. 2016 ఆగస్టులో వేరుశనగ ఎండుతుంటే రెయిన్‌గన్లు వచ్చాయి, ట్యాంకర్లు వచ్చాయి, అప్పటి ముఖ్యమంత్రే చేలల్లోకి వచ్చారు. ఆ యంత్రాలు ఎంత పంటను నిలబెట్టాయన్న వాదన ఇక్కడ పెట్టుకోను. కానీ ఎండిన చేను మీద చూపిన ఆ శ్రద్ధలో సగమైనా, విత్తనం పడకముందు నేల మీద చూపి ఉంటే? బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు దగ్గర వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు పోసింది. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, అందరూ అయ్యో అన్నారు. బోరులో నీరు అడుగు తర్వాత అడుగు కిందికి దిగిపోవడం ఏ ఫొటోలోనూ పడదు. మన కష్టంలో ఎక్కువ భాగం అటువంటిదే.

కాలువల సంగతి మరిచిపోతున్నానని అనుకోవద్దు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం ఉండాలంది. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లికి చేరినప్పుడు అది దయ కాదు, హక్కు. ఆ హక్కు కోసం పోరాటం ఆగకూడదు. అయితే కాలువ ఎంత పారినా ఈ జిల్లా చేలల్లో ఎక్కువ భాగం వాన మీదే బతకాలి. ఆ చేల తరఫున అడిగేవాళ్లు తక్కువ.

కనబడనిదాన్ని కనబడేలా చేసిన పని మన దగ్గర జరిగింది. 2003 తర్వాత, అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. ఊళ్లో వర్షమాపకం పెట్టుకున్నారు, బోర్లలో నీటిమట్టం చూశారు, గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీళ్లెన్ని, ఏ పంటకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. గోడ మీది అంకె చూసి చాలామంది తామే తగ్గించుకున్నారు. నల్లమాడ మండలంలో ఇంకో అడుగు వేశారు. బోర్లున్న రైతులు వాటిని పైపులతో కలిపి, బోరు లేని పొరుగువాడి వానపంటకు కూడా ఒక తడి అందేలా చూశారు. దానికి బదులుగా కొత్త బోర్లు వేయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. భూగర్భజలాన్ని కాపాడాల్సిన 2002 నాటి వాల్టా చట్టం కాగితం మీద చేయలేనిది ఇక్కడ జరిగిందంటే, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ లాభం ఎదురుగా కనబడింది కాబట్టే.

చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి అడవి కథ మనకు ఇంకో పాఠం. 1990లో మొదలైన తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ తోడుగా ఊళ్లవాళ్లు బోడి గుట్టలను మంటల నుంచి, గొడ్డలి నుంచి కాచుకున్నారు. గడ్డి వచ్చింది, ఈతచెట్లు లేచాయి, జీవాలకు మేత దొరికింది. తీరా గాలిమరలు వచ్చి ఆ గుట్టల మీద రోడ్లు కోశాయి. వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అసలు కారణమేమిటంటే, రెవెన్యూ రికార్డులో ఆ అడవి అప్పటికీ బంజరే. ఊరు అడవిని పెంచింది, రికార్డు మారలేదు. గాలి విద్యుత్తు కూడా పర్యావరణం పేరిటే వచ్చిందన్నది మరింత బాధ కలిగించే విషయం. చెట్టు నాటడంతో పని అయిపోదు, రికార్డులో దాని పేరు రాయించాలి.

మన గొంతుకు బలం లేదనే వాళ్లకు బండ్లపల్లిని గుర్తుచేస్తాను. 2006 ఫిబ్రవరి 2న దేశ ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మన నార్పల మండలంలోని ఆ ఊళ్లోనే. వలసలతో, ఆత్మహత్యలతో నలిగిన జిల్లా ఢిల్లీ కంట పడింది. అప్పుడు మనకు వచ్చింది సాయం కాదు, పని అడిగే హక్కు. ఏ పని కావాలో గ్రామసభలో చెప్పే హక్కు. గట్టు కావాలా, కుంట కావాలా అన్నది ఊరు చెప్పవచ్చు.

ఇప్పుడు అడగవలసిందేమిటి? నా మనసులో ఒకే కోరిక ఉంది. ఏటా జూన్‌లో వేరుశనగ విత్తనానికి ఎకరానికి ఎంత సబ్సిడీ ఇస్తారో, అంతే సబ్సిడీ కొర్ర, జొన్న, కంది, అలసంద, ఆముదం కలిపిన విత్తన సంచికీ ఇవ్వాలి. ఎంచుకునేది రైతు. ఆ పంటకూ అప్పు, బీమా ఉండాలి. పండిన కొర్రను, జొన్నను హాస్టళ్లకూ, మధ్యాహ్న భోజనానికీ కొనాలి. ప్రకృతి సేద్యం చేసే రైతులు వానకు ముందే పొడి దుక్కిలో రకరకాల గింజలు చల్లి నేలను కప్పి ఉంచడం మన చేలల్లోనే చేసి చూపిస్తున్నారు. ఎమ్మెల్యే గారిని ఏ.సి. హాలుకు కాదు, అటువంటి చేను గట్టు మీదికి పిలవండి. వాన లేని మూడో వారంలో పిలవండి. పక్క చేను కూడా చూపించండి.

ఈ కోరికతో రాసిన వినతిపత్రం ముసాయిదా ఆ బల్ల మీద ఉంది. ముందు రైతులు చదవాలి, తప్పులుంటే కొట్టివేయాలి, ఆ తర్వాతే మనం సంతకాలు పెడదాం. ఉపాధ్యాయ మిత్రులు మీ మీ బడుల్లో వర్షమాపకం పెట్టించి, అంకెలు గోడ మీద రాయించే బాధ్యత తీసుకోండి. నార్పల, కంబదూరు, రొద్దం మండలాల నుంచి వచ్చినవాళ్లు భోజనాలయ్యాక కాసేపు ఆగండి. వచ్చే గ్రామసభలో ఏ ఊరి తరఫున ఎవరు లేచి మాట్లాడాలో ఇక్కడే తేల్చుకుందాం.